మూడో జడ

విజయవాడ,
మే నెల, 2003.

ఆఫ్రీన్ నాన్నకి,

మెహబూబ్ బీ సలాం చెప్పి రాస్తున్న ఉత్తరం. అల్లా దయవల్ల ఇక్కడ నేనూ ఆఫ్రీనూ ఒంట్లో బాగానే ఉన్నాం. మీరు అక్కడ మస్కట్‌లో నిజంగానే బాగున్నారో, బాగున్నానని రాయడం అలవాటైపోయిందో మీకే తెలియాలి. పోయిన ఉత్తరంలో బాగున్నాననే ముక్క పైన ఒకసారి, మధ్యలో ఒకసారి, కింద సంతకం దగ్గర ఒకసారి రాశారు. నిజంగా బాగున్న మనిషి ఇన్నిసార్లు చెప్పడు కదా అని అప్పట్నుంచీ నాకు అనుమానంగానే ఉంది.

ఫోటో అందింది. చిక్కారు. మీ వెనక కిటికీకి పూల కర్టెన్ వేలాడుతోంది. నలుగురు మెకానిక్కులు పడుకునే గదిలో పూల కర్టెన్ ఎవరు కట్టారు? ఆఫ్రీన్ నవ్వి, "అమ్మా, అది స్టూడియోలో తీసిన ఫోటో" అంటోంది. స్టూడియో అయితే మంచం కోడు ఎందుకు కనబడుతోందో అది చెప్పలేకపోయింది. మీరైనా చెప్పండి. నాకేం కోపం లేదు, ఊరికే తెలుసుకుందామని.

మీరడిగిన వాటికి జవాబులు రాస్తున్నాను. నీళ్ళ మోటారు బాగైంది. మీతోపాటు ఆటోనగర్ షెడ్డులో పనిచేసిన తిరుపతిరావే వచ్చి చేశాడు. విప్పినంతసేపూ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "ఏంటండీ మెహబూబ్ బీ గారూ, సుభానీ నేనూ ఒక కంచంలో తిన్నోళ్ళం, నన్ను కూడా నమ్మరా?" అన్నాడు. "మిమ్మల్ని కాదండీ, మోటారుని నమ్మను" అన్నాను. పాత వైండింగు తీగ సంచిలో వేసుకోబోతుంటే అడిగి ఇప్పించుకున్నాను. అది ఇప్పుడు మన అటక మీద ఉంది. మీ స్కూటరు వారానికోసారి స్టార్టు చేయిస్తున్నాను. నడపడానికి ఎవరికీ ఇవ్వలేదు. మీ తమ్ముడు రెండుసార్లు అడిగాడు, తాళం కనబడటం లేదని చెప్పాను.

ఆఫ్రీన్ పదో తరగతి ఫలితాలు రేపో మాపో వస్తాయి. కాలేజీల వాళ్ళు మాత్రం అప్పుడే ఇంటికొచ్చి, మీ అమ్మాయికి ర్యాంకు గ్యారంటీ అని కూర్చుంటున్నారు. మార్కులు రాకముందే అభినందనలు చెప్పేవాళ్ళని ఎట్లా నమ్ముతాం? మంచినీళ్ళిచ్చి పంపించేస్తున్నాను.

ఇక పై వాటా వాళ్ళ సంగతి. "వాళ్ళ మీద నీ నిఘా అయిపోయిందా, ఇంకా ఉందా?" అని వేళాకోళంగా రాశారు. అయిపోయింది. ఎట్లా అయిపోయిందో చెప్పాలంటే మొదట్నుంచీ చెబితేగానీ నాకు రాదు. కొంత మీకు ఇదివరకే రాశాను, అయినా విసుక్కోకుండా చదవండి. ఈ ఉత్తరం ఆలస్యమైంది కూడా అందుకే.

సంక్రాంతి సెలవులు అయ్యాక కదా వాళ్ళు దిగింది. హనుమాన్ జంక్షన్ వైపు హైవే వెడల్పు చేసే పనికి మలేషియా నుంచి వచ్చిన ఇంజనీరు రోస్లాన్, ఆయన భార్య నోరైనీ, ఆయన తల్లి. తల్లిని వాళ్ళు మక్ అని పిలుస్తారు, వాళ్ళ భాషలో అమ్మ అని. "మీవాళ్ళేనమ్మా, ముస్లిములే" అని బ్రోకరు చెప్పాడు. ఆ మాట మీదే తాళాలిచ్చాను. తీరా దిగాక చూస్తే ముగ్గురిలో ఒక్కరికీ ఉర్దూ ముక్క రాదు. ఆయనకి ఇంగ్లీషు వచ్చు, ఆవిడకి కొంచెం వచ్చు, ముసలావిడకి అదీ లేదు. ఆఫ్రీన్ మధ్యలో నిలబడి అటూ ఇటూ చెబుతుండేది.

మొదటి రోజుల్లో వాళ్ళ అవస్థ చూడాలి. మున్సిపాలిటీ నీళ్ళు పొద్దున ఒక గంటే వస్తాయని తెలియక, తల మీద సబ్బుతో నోరైనీ మెట్ల మీద నుంచి పిలిచింది. కరెంటు పోయినప్పుడల్లా మెయిన్ దగ్గరికి వచ్చి, నేనే తీసేశానేమో అన్నట్టు నావైపు చూసేది. అరటిపండ్ల బండివాడితో వేళ్ళతో బేరమాడేది, వాడు కూడా వేళ్ళతోనే మోసం చేసేవాడు. నెల తిరిగేసరికి ఆటోవాడితో "వద్దు, ఎక్కువ" అనడం నేర్చుకుంది. ముసలావిడ ఎండు చేపలమ్మే ఆమె గంపలో నెత్తళ్ళు చూసి, చుట్టాలు కనబడినంత సంతోషపడింది. రెండు పగిలిన బకెట్లు అడిగి తీసుకుని బాల్కనీలో నిమ్మగడ్డి వేసింది. నేను కనబడితే చాలు, సలాం చెప్పి చెయ్యి గుండెకి ఆనించుకుని తల వంచేది. మనలో అట్లా ఎవరు చేస్తారు? నాటకంలో చేసినట్టు ఉందే అనుకునేదాన్ని.

ఒకసారి అరిటాకులో చుట్టి కొబ్బరిపాల అన్నం పంపింది. ఆఫ్రీన్ తిన్నది. నేను నా వాటా పిల్లికి పెట్టాను. పిల్లి బాగానే ఉంది.

నా మంచం పక్క కిటికీని ఆనుకునే కదా పై బాత్రూం గొట్టం దిగేది. మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు గొట్టంలో నీళ్ళ చప్పుడు అయ్యేది. నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే చప్పుడు నాకు తెలియదా? కానీ మన మసీదులో సాయంత్రపు అసర్ అజాన్ అవడానికి ఇంకా గంట పైనే ఉండేది. అజాన్ కాకుండా నమాజు ఏంటి? ఒకరోజు పొరపాటనుకున్నాను. రోజూ అదే చప్పుడు. పొద్దున్నే బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్తే అత్తాకోడళ్ళు తల నుంచి పాదాల దాకా తెల్లటి ముసుగులు వేసుకుని నిలబడి ఉన్నారు.  వీధి చివర ఉండే సువార్తమ్మ గారు అది చూసి, "కాన్వెంటు సిస్టర్లేమో మెహబూబ్ బీ గారూ" అన్నారు. నాకూ నిజమేననిపించింది. ఆఫ్రీన్‌ని పైకి పంపితే, వాళ్ళు నమాజులో మాటిమాటికీ చేతులు ఎత్తుతారనీ, మనలాగా కాదనీ చెప్పింది.

ఆ తర్వాత పీతలు. ఒక ఆదివారం రోస్లాన్ బందరు వెళ్ళి గోనెసంచిలో బతికున్న పీతలు తెచ్చాడు. అవి మెట్ల మీద పాకుతుంటే ముసలావిడ చీపురుతో తరుముతూ నవ్వుతోంది. మన వీధిలో ఏ ముస్లిం ఇంట్లోనూ పీతలు వండరు. ఆ వాసన వీధంతా వెళ్ళింది.

ఇవన్నీ కలిపి చూసుకుంటే నాకు ఒకటే తోచింది. ఇల్లు దొరకదని ముస్లిములమని చెప్పుకుని దిగారు, నమాజు కూడా ఎవరినో చూసి నేర్చుకుని చేస్తున్నారు అని. మీకు రాస్తే, "దేశం కాని దేశంలో ఉన్నవాళ్ళు, వదిలెయ్" అని జవాబిచ్చారు. మీకు వాళ్ళ మీద అంత జాలి ఎందుకో అని, నిజం చెబుతున్నాను, మీ మీద కూడా అనుమానం వచ్చింది.

మీరు వదిలెయ్ అన్నారు గానీ నేను వదల్లేదు. ఎదురింటి తబస్సుం ఆపా ఇంట్లో ఆడవాళ్ళందరూ కూర్చుని ఉండగా నోరు జారాను. "మా పై వాటా వాళ్ళు మనవాళ్ళు కాదు ఆపా" అన్నాను. నేనెప్పుడు మాట్లాడినా సగంలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషి, ఆరోజు నా పక్కకి జరిగి కూర్చుంది. "సచ్ బోల్, నిజమేనా?" అని నా చెయ్యి పట్టుకుంది. అజాన్ సంగతీ, పీతల సంగతీ, తెల్ల ముసుగుల సంగతీ అన్నీ చెప్పాను. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. ట్రేలో మొదటి టీ నాకే ఇచ్చారు.

ఆ టీ గురించి మీకు రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాస్తున్నాను. నేను మీ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, ఇదే ఆపా వాళ్ళ అమ్మ నన్ను నడిమధ్యలో కూర్చోబెట్టి, "దూదేకులోళ్ళ పిల్లకి కలిమా వచ్చా? చెప్పు చూద్దాం" అని అడిగింది. ఉర్దూ రాని ముస్లిములు ఉంటారా అని నవ్వారు. కలిమా మొత్తం చెప్పాను, మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెప్పాను. మీకు ఎప్పుడూ చెప్పలేదు, మీ అమ్మకి తెలుసు. మా పుట్టింట్లో పీతలు తింటారని మీకు తెలుసు కదా. ఈ వీధికి వచ్చాక వాటి పేరు కూడా ఎత్తలేదు. ఇన్నేళ్ళూ ఈ ఆడవాళ్ళ మధ్య ఒక చివర కూర్చున్నాను. ఆరోజు మధ్యలోకి పిలిచారు. నాకు బాగుంది. నాకంటే తక్కువ ముస్లిములు దొరికారని బాగుంది. ఇంతకంటే సూటిగా చెప్పడం నాకు చేతకాదు.

తర్వాత ఆ మాట నాది కాకుండా పోయింది. తబస్సుం ఆపా నుంచి మసీదు కమిటీ పెద్ద కరిముల్లా గారి ఇంటికి వెళ్ళింది. శుక్రవారం జుమా నమాజుకి వెళ్ళిన రోస్లాన్ పక్కన జనం సర్దుకుని దూరంగా నిలబడ్డారట. రెండు మూడు వారాలకి ఆయన మన మసీదుకి రావడం మానేసి హనుమాన్ జంక్షన్‌లోనే నమాజు చదువుకోవడం మొదలుపెట్టాడు. అది చూసి, "చూశారా, రావడం కూడా మానేశాడు" అని మళ్ళీ నేనే అన్నాను.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతున్నాను. ఈ నెల మొదట్లో, ఎండలు మండిపోతున్న రోజుల్లో, మక్ చనిపోయింది.

పొద్దున నిమ్మగడ్డికి నీళ్ళు పోస్తుంటే చూశాను. రోస్లాన్ జీపెక్కి పనికి వెళ్ళాడు. నేను పప్పు పొయ్యి మీద పెట్టాను. చెప్పులు కూడా లేకుండా నోరైనీ మెట్లు దిగి వచ్చింది. నా కొంగు పట్టుకుని పైకి లాగింది. ముసలావిడ బాల్కనీ గడప మీద పక్కకి ఒరిగి ఉంది. ఆఫ్రీన్ పరిగెత్తి డాక్టరుని తెచ్చింది. గుండె ఆగిపోయింది, చేసేదేమీ లేదన్నాడు.

రోస్లాన్ వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కంపెనీ వాళ్ళు శవాన్ని విమానంలో పంపిద్దామన్నారట, దానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేమన్నారట. ఆయన వద్దన్నాడు. మనిషి ఎక్కడ పోతే అక్కడే మట్టి చెయ్యాలి, ఆలస్యం చెయ్యకూడదు, అమ్మ కూడా అదే కోరుకునేది అన్నాడు. ఆఫ్రీన్ ఆ మాటలు తెలుగులో చెప్పింది. ఇది ఎవరినో చూసి నేర్చుకునే మాట కాదు కదా.

ఆయన మసీదుకి వెళ్ళాడు, జనాజా నమాజు కోసం, ఖబరస్థాన్‌లో చోటు కోసం. నేను తబస్సుం ఆపా ఇంటికి కబురు పంపాను. మన వీధిలో ఆడవాళ్ళ మయ్యత్‌కి గుసుల్ స్నానం చేయించేది ఆపానూ, వాళ్ళ వదినగారూ కదా. వదినగారికి ఒంట్లో బాగాలేదని జవాబు వచ్చింది. ఆపా ఇంట్లో లేదట. ఇంట్లోనే ఉందని వాళ్ళ కిటికీలో నుంచి నాకు కనబడుతూనే ఉంది.

రోస్లాన్ తిరిగి వచ్చి మన గేటు దగ్గర నిలబడ్డాడు. పైకి వెళ్ళలేదు. కరిముల్లా గారు మర్యాదగానే మాట్లాడారట. "నాకేం అభ్యంతరం లేదండీ, కానీ వీధిలో ఒక మాట ఉంది. మీ ఇంటి ఓనరు మెహబూబ్ బీ గారే చెప్పిన మాట. రేపు నలుగురూ నన్ను అడుగుతారు. ఢిల్లీలో మీ ఎంబసీ నుంచి ఒక కాగితం తెప్పించండి" అన్నారట. ఆ ఎండలో, ఢిల్లీ నుంచి కాగితం. రోస్లాన్ ముఖంలో కోపం ఉంటుందేమోనని వెతికాను. ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆయన ఆఫ్రీన్‌తో మెల్లగా ఏదో అన్నాడు.

"ఏం చెబితే వాళ్ళు నమ్ముతారో మీ అమ్మని అడగమంటున్నారు" అంది ఆఫ్రీన్. అని నావైపు చూసింది. ఆ పిల్లకి అంతా తెలుసు. పదిహేనేళ్ళ పిల్ల ముందు నేను తల దించుకున్నానండీ.

 వంటింట్లో పెద్ద గిన్నెతో నీళ్ళు పెట్టి, అందులో వెయ్యడానికి రేగాకు కోసుకురావడానికి ఆటోనగర్ షెడ్డుల వెనక్కి వెళ్ళాను. కొంగులో ఆకు వేసుకుని పైకి వెళ్తే నోరైనీ గదిలో ఒంటరిగా కూర్చుని కర్పూరం నలుపుతోంది. నా కొంగు విప్పి చూపించాను. ఒక ఆకు తీసుకుని వాసన చూసింది. "బిదారా" అంది. వాళ్ళ దేశంలో దాన్ని అట్లా అంటారు కాబోలు. అప్పటిదాకా ఏడవని మనిషి ఆ ఆకు ముఖానికి అద్దుకుని ఏడ్చింది. వాళ్ళు కూడా ఆ నీళ్ళతోనే కడుగుతారు. మనం కూడా ఆ నీళ్ళతోనే.

ఇద్దరమే చేశాం. కుడివైపు ముందు, ఎడమవైపు తర్వాత, మీద దుప్పటి తియ్యకుండా. ఆవిడ పెదాలు కదులుతున్నాయి, వింటే నేను చదివేవే. నేను నీళ్ళు పోస్తుంటే ఆవిడ రుద్దింది, ఆవిడ పోస్తుంటే నేను రుద్దాను. ముసలావిడ పాదాలు చిన్నపిల్ల పాదాల్లా ఉన్నాయి. వాటిని ఒక్కసారైనా సరిగా చూసి ఉంటే ఆ మాట అనేదాన్ని కాదేమో.

జుట్టు దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. మనం రెండు పాయలు చేసి గుండెల మీద వేస్తాం. నోరైనీ మూడు పాయలు తీసి జడలు అల్లి వీపు వెనక్కి వేయబోతోంది. ఇదేంటి, ఇది మన పద్ధతి కాదే అని, ఆ గదిలో, ఆ మనిషి తల నా ఒళ్ళో ఉండగా, మళ్ళీ నాకు అనుమానం వచ్చింది. నా బుద్ధి అట్లాంటిది, ఏం చెయ్యను? నోరైనీ నా ముఖం చూసింది. రెండో జడ అల్లుతున్న చేతులు ఆపేసి, నేను చెప్పినట్టు చేస్తానన్నట్టు కూర్చుంది. వాళ్ళ అత్తగారి జుట్టు ఎట్లా వెయ్యాలో నన్ను అడుగుతోంది. అప్పుడు నాకు సిగ్గేసింది. మూడో పాయ నేనే తీసుకుని నేనే అల్లాను.

ముసుగు వేసుకుని మసీదు గేటు దగ్గరికి వెళ్ళాను. రోస్లాన్ వెనకాలే వచ్చి దూరంగా నిలబడ్డాడు. కరిముల్లా గారు అరుగు మీద ఉన్నారు, పక్కన ఇంకా కొంతమంది.

"ఏంటమ్మా, మీరొచ్చారు?" అన్నారు.

"జనాజా కోసమండీ."

"వాళ్ళు మనవాళ్ళు కాదని చెప్పింది మీరే కదమ్మా."

"నేనేనండీ. ఆ మాట పుట్టింది నా నోట్లోనే. నేను చూసినవి నిజమే, అనుకున్నది తప్పు. ఆ తల్లికి ఇప్పుడే గుసుల్ చేసి వచ్చాను. కోడలు చదివినవన్నీ మనం చదివేవే."

"మరి అజాన్ కాకముందే నమాజు చేస్తారని..."

"చేస్తారండీ. ఎందుకో నాకు తెలియదు."

"తెలియదంటే ఎట్లా అమ్మా? రేపు ఎవరన్నా అడిగితే నేనేం చెప్పాలి?"

 అంతమంది మగవాళ్ళ ముందు నేనెప్పుడన్నా మాట్లాడానా? "నేను ఈ వీధికి వచ్చినప్పుడు నన్ను కూడా ఇట్లానే అడిగారండీ. నాకు ఇప్పటికీ ఉర్దూ సరిగా రాదు. రేపు నేను పోతే జనాజా ఇస్తారా, మస్కట్ నుంచి కాగితం తెప్పించమంటారా? అది చెప్పండి చాలు" అన్నాను.

 సెలవు మీద సొంతూరు వెళ్ళి ఆ ముందురోజే తిరిగొచ్చిన ఇమాం గారు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ ఇదంతా విన్నారు. తుండుతో తుడుచుకుంటూ వచ్చి రోస్లాన్‌ని అరబీలో ఒక మాట అడిగారు. ఆయన జవాబు చెప్పాడు. ఇమాం గారు మావైపు తిరిగి, వచ్చీరాని తెలుగులో, "వీళ్ళు షాఫయీ పద్ధతివాళ్ళు అమ్మా. మనం హనఫీ. దీన్, మన మతం, ఒక్కటే. కేరళ ముస్లిములు కూడా అంతే. అసర్ టైము వాళ్ళకి మనకంటే ముందు వస్తుంది. సముద్రంలోది ఏదైనా వాళ్ళకి హలాలే" అన్నారు. తుండు భుజాన వేసుకుని, "ఇంతమంది ఇన్నిరోజులు మాట్లాడుకున్నారు. నేను ఊళ్ళో ఉన్నప్పుడైనా నన్ను ఒక్క మాట అడగలేదేం?" అన్నారు.

కరిముల్లా గారు లేచి, శవాన్ని మోసే జనాజా ఉండే గది తలుపు తనే తీశారు.

పొద్దుగూకి మగ్రిబ్ అయ్యే లోపలే మట్టి అయింది. వీధిలో మగవాళ్ళు దాదాపు అందరూ వెళ్ళారట, భుజాలు మార్చుకుంటూ మోశారట. తబస్సుం ఆపా ఇంటి నుంచి అన్నం గిన్నె వచ్చింది. ఆపా రాలేదు.

ఇప్పుడు పైన ఇద్దరే. రోస్లాన్ మళ్ళీ మన మసీదుకే వెళ్తున్నాడు. నోరైనీ రోజూ దిగి వస్తుంది, సలాం చెబుతుంది, నవ్వుతుంది. కరిముల్లా గారు చెప్పింది రోస్లాన్ తన భార్యకి చెప్పాడో లేదో నాకు తెలియదు. తెలిసి నవ్వుతోందా, తెలియక నవ్వుతోందా? ఆ నవ్వు వెనక ఏముందో పట్టుకోవడానికి రోజూ ఆవిడ ముఖం వెతుకుతున్నాను. ఇదివరకు వాళ్ళు ఎవరా అని వెతికేదాన్ని, ఇప్పుడు నన్ను ఏమనుకుంటున్నారా అని వెతుకుతున్నాను. ఆఫ్రీన్ చేత అడిగించడానికి మనసొప్పలేదు. ఫలితాలు రాగానే ఆ పిల్లని నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పమంటాను. ఆ సంగతి నేనే స్వయంగా చెప్పుకోవాలి.

ఇక మీకు చెప్పకుండా చేసిన పని ఒకటి మిగిలింది. ఇంతదాకా రాసి కూడా అక్కడికి రావడానికి భయపడుతున్నాను. జడలు అల్లాక నోరైనీ ఒంటికి చుట్టే కఫన్ గుడ్డ కోసం చూసింది. రోస్లాన్ తెచ్చే స్థితిలో లేడు, కొట్టుదాకా వెళ్ళి కొలిపించి తెచ్చేంత టైము లేదు. నేను కిందకి వచ్చి ట్రంకుపెట్టె తెరిచాను. పోయినేడు మీరు మక్కాకి ఉమ్రా యాత్ర వెళ్ళి, జమ్‌జమ్ నీళ్ళలో తడిపి ఆరబెట్టి, మనిద్దరికీ చెరొక కఫన్ పంపారు కదా. నాది తీసి ఆవిడకి కట్టాను. ముసలావిడ పొట్టి మనిషి, అంచు కొంచెం మిగిలితే లోపలికి మడిచాను. ఎక్కడిదని నోరైనీ అడగలేదు. నేనూ చెప్పలేదు. మీరు అంత దూరం నుంచి నాకోసం పంపినది, మిమ్మల్ని అడగకుండా ఇచ్చేశాను. తిట్టాలనుంటే తిట్టండి, పడతాను.

మీది అట్లానే ఉంది. మళ్ళీ మడత మార్చి, కర్పూరం వేసి పెట్టాను. కానీ ఆ పెట్టెలో అది ఒక్కటే ఉండటం నాకు నచ్చడం లేదు. ఇంకోసారి ఉమ్రాకి వెళ్ళినప్పుడు నాకు మరొకటి తీసుకోండి. పార్సిల్ చెయ్యొద్దు, ఎవరి చేతా పంపొద్దు, ఎవరినీ నమ్మను. మీరే తేవాలి. అది మీ చేతి నుంచి అందుకునేదాకా నేను చచ్చేది లేదు.

ఇట్లు,
మీ రాకకోసం చూసే
ఆఫ్రీన్ వాళ్ళమ్మ,
మెహబూబ్ బీ